నీలాగాడా? సరీ థాచా?

ద్వారక, న్యూఢిల్లీ
24 మార్చి 2025

చి॥ ప్రవల్లికకు పెద్దనాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వెలా ఉన్నావో నీ ఉత్తరం వస్తేగాని తెలియదు, ఆ ఉత్తరం కంచరగాడిద ఎక్కి కొండ దిగితేగాని రాదు. ఊరంతా ఫోన్లు జేబులో వేసుకుని తిరుగుతుంటే, సిగ్నలందని కొండమీదున్న తమ్ముడి కూతురితో నాలుగు మాటలు చెప్పుకోవడానికి నేను స్పీడ్ పోస్టు కౌంటరు ముందు నిలబడుతున్నాను. మీ పెద్దమ్మకి మాత్రం ఇది బాగా నచ్చింది. "ఫోనైతే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తారు. ఉత్తరమైతే నేనూ నాలుగుసార్లు చదువుకుంటాను" అంటుంది.

అసలు విషయానికి వస్తాను. మే మూడో వారంలో మేమిద్దరం మీ నేషనల్ పార్కుకి రావాలని నిర్ణయించాం. నువ్వు ఆ పక్షుల ఉద్యోగంలో చేరి మూడేళ్ళయింది. ఏడాదికోసారి నువ్వే వచ్చి నాలుగు రోజులుండి పోతున్నావు గాని, నువ్వుండే చోటు మేం ఇంతవరకు చూడలేదు. ఆ ఉద్యోగం నాకు ఇష్టం లేదన్న సంగతి నీకూ తెలుసు, ఈ సెక్టార్‌లో సగం మందికీ తెలుసు. అయినా ఒకసారి కళ్ళతో చూడాలని ఉంది.

పార్కు వెబ్‌సైటు తెరిచి చూశాను. బయటివాళ్ళు ఉండటానికి లోపల రెండే క్యాంపులట. నది ఒడ్డున నీలాగాడ్, కొండమీద సరీ థాచ్. ఏది మంచిదో ఆ ఫొటోలు చూస్తే తేలలేదు. రెండింట్లోనూ ఒకే అమ్మాయి అదే స్టీలు కప్పుతో టీ తాగుతోంది. కాబట్టి నువ్వు రెండు క్యాంపుల మీదా ఒక నోటు పెట్టు. సౌకర్యాలు, ఇబ్బందులు, చివర నీ సిఫారసు. ముప్పై ఆరేళ్ళు మంత్రిత్వశాఖలో ఫైళ్ళు తిరగేసి అండర్ సెక్రటరీగా రిటైరైనవాణ్ణి, నోటు చూడకుండా ఏ నిర్ణయమూ తీసుకోలేను.

మొన్న శ్రుతి వచ్చింది. ముఖర్జీ నగర్ పీజీ హాస్టల్లో నీతోపాటు ఉండి సివిల్స్‌కి చదివిన పిల్ల. రెవెన్యూ సర్వీసు వచ్చిందట, నాగపూర్‌లో ట్రైనింగు. స్వీట్ల డబ్బా తెచ్చి, గంటసేపు కూర్చుని నీ గురించే అడిగింది. మీ పెద్దమ్మ గోంగూర పచ్చడి సీసా ఇచ్చి పంపింది.

సొసైటీ సెక్రటరీ బసవపున్నయ్యగారు లిఫ్టు విప్పించి పది రోజులయింది. మళ్ళీ బిగించడం ఎలాగో ఎవరికీ తెలియడం లేదు. ఏడో అంతస్తుకి మెట్లే దిక్కు.

నోటు కోసం ఎదురుచూస్తూ,
పెద్దనాన్న సదాశివరావు


సరీ థాచ్
3 ఏప్రిల్ 2025

పెద్దనాన్నకీ పెద్దమ్మకీ,

మీ ఉత్తరం నిన్న బియ్యం మూటతోపాటు పైకి వచ్చింది. వారానికోసారి తన కంచరగాడిద మీద మాకు బియ్యం, కూరలు, ఉత్తరాలు తెచ్చే ఠాకుర్‌దాస్ ఇచ్చాడు. కవరు మీద పసుపు మరక ఉంది. అంటే పెద్దమ్మ వంటింట్లో నాలుగుసార్లు చదివాకే బయల్దేరిందన్నమాట.

మీరు వస్తున్నారని చదివి నేను గట్టిగా అరిచేశాను. ఠాకుర్‌దాస్ కంగారుపడి, "క్యా హువా దీదీ? షాదీ పక్కీ హో గయీ?" అని అడిగాడు. పెళ్ళి కుదరడం కంటే పెద్ద విషయమని చెప్పాను.

ఇదిగో నోటు.

నీలాగాడ్: జీపు దిగాక కిలోమీటరు నడక, దారి చదును. చెక్క గదులున్నాయి, మంచాలున్నాయి, వెస్టర్న్ టాయిలెట్ ఉంది. బకెట్టుతో వేడినీళ్ళిస్తారు. వంటమనిషి ఉన్నాడు, రాజ్మా బాగా చేస్తాడు. నది చప్పుడుకి నిద్ర పట్టదని కొందరంటారు. శని ఆదివారాలు చండీగఢ్ నుంచి వచ్చినవాళ్ళు పాటలు పెట్టి గోల చేస్తారు.

సరీ థాచ్: నీలాగాడ్ నుంచి తొమ్మిది కిలోమీటర్లు, అంతా ఎక్కుడే. థాచ్ అంటే కొండమీద గొర్రెలు మేసే పచ్చికమైదానం. టెంటులో నేలమీద పడుకోవాలి. నీళ్ళు వాగులోంచి తెచ్చుకోవాలి. టాయిలెట్ అంటే ఒక గొయ్యి, చుట్టూ పరదా, అది కూడా గాలికి ఎగిరిపోతుంటుంది. పొద్దున లేచేసరికి టెంటు మీద మంచు పొరకట్టి ఉంటుంది. కానీ పెద్దనాన్నా, పరదా తీయగానే ఎదురుగా మొత్తం హిమాలయాలే. ఏప్రిల్ చివరికి మంచు కరిగినచోటల్లా పసుపు, ఊదా పూలు లేస్తాయి. ఇక్కడే మా జుజురాణా ఉంటుంది. అది నెమలి జాతి పక్షి, ప్రపంచంలో ఎక్కువ మిగల్లేదు. కంటికి కనపడదు. తెల్లవారుజామున మగపక్షి చంటిపిల్లలా ఏడుస్తుంది. మేం పొదల పక్కన గంటసేపు కదలకుండా, ఒక్కమాట మాట్లాడకుండా కూర్చుని, ఎటునుంచి ఎన్ని గొంతులు వినిపించాయో కాగితం మీద రాసుకుంటాం. ఆ గంట కోసం నేను మిగతా ఇరవై మూడు గంటల చలినీ భరిస్తాను. మొదటి ఏడాది నేను విన్నవి నాలుగు గొంతులు. పోయినేడు తొమ్మిది. తొమ్మిదో గొంతు విన్న రోజు ఏడ్చేశాను. మా ప్రాజెక్టు నడిపే మేడమ్‌కి చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

నా సిఫారసు నీలాగాడ్. మీరక్కడ దిగండి. నేనే రెండు రోజులు కిందికి వచ్చి మీతో ఉంటాను.

శ్రుతికి నా అభినందనలు చెప్పండి.

మీ ఉత్తరం నాకు చేరడానికి తొమ్మిది రోజులు పట్టింది. అందులో కొండ తిన్నవెన్ని, మన సెక్టార్ పోస్ట్‌మన్ తిన్నవెన్ని? నా అపాయింట్‌మెంట్ ఆర్డరుని ఆయన ఎన్ని రోజులు నాన్చాడో నేనింకా మర్చిపోలేదు.

మీ ప్రవల్లిక


ద్వారక
12 ఏప్రిల్ 2025

చి॥ ప్రవల్లికకు,

నోటు అందింది. పరిశీలించాను. సరీ థాచ్ బుక్ చేశాను. మే 19 నుంచి నాలుగు రోజులు, ఇద్దరికి.

ఇప్పుడు నువ్వు నుదురు కొట్టుకుంటావని తెలుసు. "నేను నీలాగాడ్ అని రాశాను కదా" అంటావు. రాశావు. కానీ అమ్మలూ, నువ్వు నిన్నమొన్న నోట్లు రాయడం మొదలుపెట్టినదానివి, నేను జీవితమంతా అవి చదివినవాణ్ణి. మా సెక్షన్‌లో కుర్రాళ్ళు పై అధికారికి రెండు దారులు చూపించేటప్పుడు, తమకి ఇష్టంలేనిదాన్ని ముందు నాలుగు ముక్కల్లో తేల్చేస్తారు. ఇష్టమైనదాని గురించి పేజీ నింపుతారు. చివర సిఫారసు మాత్రం మొదటిదానికే చేస్తారు, రేపు ఏమైనా అయితే తమ మీదికి రాకుండా. పైవాడు తెలివైనవాడైతే సిఫారసు చదవడు, పేజీలు కొలుస్తాడు. నీలాగాడ్‌కి నువ్విచ్చింది ఆరు వాక్యాలు, అందులో ఒకటి రాజ్మాకి. సరీ థాచ్‌కి పేజీ నిండిపోయి, అంచుల్లో కూడా రాశావు. ఇక నాకు ఇంకెవరైనా చెప్పాలా?

మా సన్నాహాలు విను. లిఫ్టు రాకపోవడం మన మంచికే అయింది. నేను రోజూ పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు ఏడంతస్తులూ ఎక్కి దిగుతున్నాను. మొన్న బసవపున్నయ్యగారు నాలుగో అంతస్తు దగ్గర ఎదురై, "సదాశివరావుగారూ, కంప్లైంట్ ఇవ్వడానికి ఇన్నిసార్లు రానక్కర్లేదండీ, ఒకసారి చెబితే చాలు" అన్నారు. మీ పెద్దమ్మకి స్పోర్ట్స్ బూట్లు కొన్నాను. చీర కుచ్చిళ్ళ కింద అవి చూసి సొసైటీ పార్కులో ఆడవాళ్ళంతా నవ్వుతున్నారని రెండు రోజులు వేసుకోలేదు. మూడో రోజునుంచి వాళ్ళల్లో ఇద్దరు కొన్నారు. ఆమె మోకాలి నొప్పి గురించి దిగులుపడకు, పెద్ద ఇబ్బందేమీ లేదంటోంది.

వచ్చినప్పుడు మీ మేడమ్‌ని కూడా కలవాలి. అన్నిటికంటే ముఖ్యంగా నీతో ఒక విషయం మాట్లాడాలి. ఉత్తరంలో రాసేది కాదు. ఎదురెదురుగా కూర్చుని, నువ్వు పనిచేసే చోటే, నీకు చెప్పాలి. అందుకే నాకు కింది క్యాంపు వద్దు.

పోస్ట్‌మన్‌ని ఏమీ అనకు. ఆయన చాలా మంచివాడు.

నీ పెద్దనాన్న


సరీ థాచ్
21 ఏప్రిల్ 2025

పెద్దనాన్నా,

నుదురు కొట్టుకోలేదు. మీ ఉత్తరం పట్టుకుని క్యాంపు చుట్టూ మూడుసార్లు తిరిగాను.

నేను మీ సెక్షన్‌లో కుర్రదాన్ని కాదు. నీలాగాడ్ అని రాస్తే నీలాగాడ్ అనే అర్థం. సరీ థాచ్ గురించి పేజీ నిండా ఎందుకు రాశానంటే, మీరు ఎలాగూ ఇక్కడికి రాలేరు కాబట్టి, కాగితం మీదైనా చూపిద్దామని. అంతే. దాన్ని మీరు కొలతపెట్టి చదివారు.

పోయినవారం ఇక్కడ ఏం జరిగిందో చెబుతాను. పుణె నుంచి వచ్చిన ఒకాయన, మీ వయసే, సగం దారిలో కాలు మడతపడి కూలబడిపోయాడు. నలుగురు కూలీలు కుర్చీకి కట్టి మోసుకుని దింపారు, దిగడానికి ఎనిమిది గంటలు పట్టింది. అక్కణ్ణుంచి ఆస్పత్రికి జీపులో ఇంకో ఐదు గంటలు. ఆయన భార్య దారిపొడుగునా ఆ కుర్చీ వెనకాలే ఏడుస్తూ నడిచింది. ఆవిడ చోటులో నేను పెద్దమ్మని చూసుకున్నాను, ఆ బూట్లతో. "పెద్ద ఇబ్బందేమీ లేదు" అని పెద్దమ్మ ఎప్పుడు అంటుందో మీకు తెలియదా? నొప్పి భరించలేనప్పుడే అంటుంది.

ఇంకొకటి కూడా రాసేస్తాను, లేకపోతే నాకు నిద్ర పట్టదు. మీరు మాట్లాడాలన్న ఆ విషయం ఏమిటో నాకు తెలుసు. శ్రుతి స్వీట్లు తెచ్చింది. వెంటనే మీరు ఇక్కడికి రావాలనుకున్నారు. మా మేడమ్‌ని కలుస్తానంటున్నారు. మా ప్రాజెక్టుని ఇంకో ఐదేళ్ళు పొడిగించారని, ఈ నెలాఖరుకి నేను సంతకం పెట్టాలని నాన్న తెనాలి నుంచి మీకు చెప్పే ఉంటాడు. నన్ను ఆపి, వెనక్కి తీసుకుపోవడానికి వస్తున్నారు.

పదిహేడేళ్ళప్పుడు ధౌలా కువాన్ కాలేజీలో చేరి మీ ఇంటికి వచ్చాను. ఆనాటినుంచి మీరే నాకు ఫీజు కట్టారు, జ్వరమొస్తే మీరే తలగడ దగ్గర కూర్చున్నారు. ముఖర్జీ నగర్‌లో మూడు అటెంప్టులు పోయినప్పుడు కూడా ఒక్క మాట అనలేదు. కానీ నేను ఈ ఉద్యోగం సంగతి చెప్పిన రోజు, "పిట్టల్ని లెక్కపెట్టడానికా ఇంత చదువు?" అన్నారు. నేను బయల్దేరిన రోజు బస్టాండుకి కూడా రాలేదు. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటోంది. అదే మాట మళ్ళీ చెప్పడానికైతే తొమ్మిది కిలోమీటర్లు ఎక్కి రానక్కర్లేదు. నా జవాబు ఇక్కణ్ణుంచే చెబుతున్నాను. నేను రాను. ఇక్కడే ఉంటాను.

చూడటానికైతే రండి. పెద్దమ్మని తీసుకుని నీలాగాడ్‌కి రండి.

ప్రవల్లిక


ద్వారక
28 ఏప్రిల్ 2025

చి॥ ప్రవల్లికకు,

నీ 21వ తేదీ ఉత్తరం అందింది. విషయాలు గమనించాను. మీ పెద్దమ్మ ఆరోగ్యం దృష్ట్యా నువ్వు సూచించిన ప్రకారం ప్రయాణం విషయం పునఃపరిశీలిస్తాను. తదుపరి నిర్ణయం తెలియజేస్తాను.

సదాశివరావు

29 ఏప్రిల్, ఉదయం

పైన రాసింది కవరులో పెట్టి అంటించబోతుంటే మీ పెద్దమ్మ లాక్కుని చదివింది. "ఇదేం ఉత్తరమండీ, కరెంటాఫీసు నోటీసులాగుంది? మూడేళ్ళనించీ లోపల దాచుకుని కుమిలిపోతున్నారు. అది చెప్పడానికేగా కొండెక్కుతానని మెట్లన్నీ అరగ్గొడుతున్నారు? మీరు రాస్తారా, నన్ను రాయమంటారా?" అంది. నేనే రాస్తానన్నాను.

అమ్మలూ, నిన్ను వెనక్కి తీసుకురావడానికి కాదు. నేను అడగాల్సిన మాట వేరే ఉంది.

నీ అపాయింట్‌మెంట్ ఆర్డరు 2022 మే 9న మనింటికి వచ్చింది. వెయిటింగ్ లిస్టులో ఉన్నావని, వస్తే పోస్టులోనే వస్తుందని నువ్వు రోజూ ముఖర్జీ నగర్ నుంచి ఫోను చేసి అడుగుతున్న రోజులు. పోస్ట్‌మన్ దగ్గర సంతకం పెట్టి నేనే తీసుకున్నాను. తెరిచి చదివాను. పదిహేను రోజుల్లో చేరాలని ఉంది. సొరుగులో పెట్టాను.

ఆఫీసులో మాకో అలవాటు ఉండేది. ఏదైనా ఫైలు మీద "వద్దు" అని రాయడానికి మనసు ఒప్పకపోతే, రాసేవాళ్ళం కాదు. కింది సొరుగులో పెట్టేవాళ్ళం. గడువు దాటిపోతే అది దానంతటదే చచ్చిపోతుంది. ఎవరి సంతకమూ ఉండదు, ఎవరి తప్పూ ఉండదు. ముప్పై ఆరేళ్ళలో అలా ఎన్ని చంపానో నాకే తెలియదు. వాటి వెనక కూడా ఎవరో ఒకరు రోజూ ఫోను చేసి అడుగుతూ ఉండేవాళ్ళేమోనన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు. నీ కాగితాన్నీ అలాగే పెట్టాను. నాలుగో అటెంప్టుకి నిన్ను ఒప్పించవచ్చని, ఈ పిట్టల పిచ్చి పోతుందని అనుకున్నాను. నీ మంచికే అనుకున్నాను.

పదకొండో రోజున మీ పెద్దమ్మ గ్యాసు పుస్తకం కోసం వెతుకుతూ ఆ కవరు చూసింది. నాతో పన్నెండు రోజులు మాట్లాడలేదు. నేను నీకు ఫోను చేసి, "ఇప్పుడే వచ్చిందమ్మా, పోస్టు ఆలస్యమైంది" అని చెప్పాను. నువ్వు నమ్మావు. పోస్ట్‌మన్ మీద ఫిర్యాదు రాశావు. నేను పక్కనే కూర్చుని నీ హిందీలో తప్పులు కూడా దిద్దాను. నాలుగు రోజుల్లో పరుగులు పెట్టి సర్దుకుని వెళ్ళిపోయావు, తెనాలి వెళ్ళి అమ్మానాన్నలని చూసే వ్యవధి కూడా లేకపోయింది. నీ మొహం చూడలేకే నేను బస్టాండుకి రాలేదు. కోపంతో రాలేదని నువ్వనుకున్నావు. అలా అనుకోనిచ్చాను.

నేను తప్పు చేశాను. నన్ను క్షమించమని అడగడానికి వస్తానన్నాను. నీకు దక్కకుండా చేయబోయిన చోటులోనే నిలబడి అడగాలనిపించింది. అందుకే నువ్వు పంపిన నోటులో నాకు కావలసిందే చదువుకున్నాను.

సరీ థాచ్ బుకింగ్ ఇంకా రద్దు చేయలేదు. నీలాగాడ్‌లో గదులు కూడా ఉన్నాయట. ఏ క్యాంపు అన్నది నువ్వే చెప్పు. రెండూ వద్దన్నా నాకు అర్థమవుతుంది.

పెద్దనాన్న


ద్వారక
2 మే 2025

అమ్మలూ,

నీ జవాబు రాలేదు. వచ్చే సమయం ఇంకా కాలేదని మీ పెద్దమ్మ వేళ్ళమీద లెక్కపెట్టి చూపిస్తోంది. అటువైపు కొండచరియ విరిగిపడి జీపు దారి మూసుకుపోయిందని టీవీలో చెప్పారు. అందువల్లేనని మనసుకి చెప్పుకుంటున్నాను. ఏమైనా నువ్వు క్షేమంగా ఉన్నానని ఒక్క ముక్క రాయి, కోపంగానైనా సరే.

లిఫ్టు బాగైంది. నేను మెట్లెక్కడం మానేశాను. ఎందుకెక్కాలో తెలియడం లేదు.

మొన్న పోస్ట్‌మన్ వస్తే లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. మూడేళ్ళ కిందటి సంగతంతా చెప్పి, నా వల్ల మీ మీద ఫిర్యాదు వెళ్ళింది, క్షమించండి అన్నాను. ఆయన చాయ్ తాగుతూ నవ్వాడు. "సర్, ముఝే తో ఉసీ దిన్ పతా థా, నాకు ఆ రోజే తెలుసు. మా రిజిస్టరులో మీ సంతకం ఉందిగా. అది చూపించగానే మా ఆఫీసర్ వదిలేశాడు" అన్నాడు. మరి ఇంతకాలం మా అమ్మాయికి ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఘర్ కీ బాత్ థీ, సర్. ఆప్ ఖుద్ బతాయేంగే, యే సోచా" అన్నాడు. ఇంటి విషయం కదా, నేనే చెబుతాననుకున్నాడట. ఆ మనిషి మూడేళ్ళపాటు నాకు రోజూ నమస్తే పెట్టాడు.

మీ పెద్దమ్మ పెట్టె సర్దేసింది. వద్దన్నా వినడం లేదు. "దానికి మీ మీద కోపముంటే ఉండనీండి, నా మీద లేదుగా" అంటోంది.

పెద్దనాన్న


సరీ థాచ్
9 మే 2025

పెద్దనాన్నా,

క్షేమంగా ఉన్నాను. దారి మూసుకుపోవడం వల్ల మీ రెండు ఉత్తరాలూ ఒకేసారి నిన్న వచ్చాయి. ఠాకుర్‌దాస్ రేపే దిగుతున్నాడు, అందుకని ఇవాళే రాస్తున్నాను. ఇంకో వారం ఆగితే నేను కూడా సొరుగులో పెట్టినట్టవుతుంది.

ముందుది చదివాక వాగు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఇవాళ పొద్దున కౌంటుకి లేవలేదు. మూడేళ్ళలో ఇదే మొదటిసారి. మా మేడమ్‌కి కడుపునొప్పని చెప్పాను. మీ పోలికే అనుకోండి.

నాకు చాలా కోపంగా ఉంది. ఆ పిట్టల మాట కంటే ఇదే ఎక్కువ బాధపెట్టింది. ఆ మాట మీరు మొహం మీద అన్నారు, నేను మొహం మీదే పోట్లాడాను. ఇది నాకు తెలియకుండా చేశారు. ఆ పదకొండు రోజులూ నేనేమనుకున్నానో తెలుసా? చివరికి ఇది కూడా రాలేదని, నేను దేనికీ పనికిరానని అనుకున్నాను. పీజీ గదిలో తలుపేసుకుని పడుకుంటే శ్రుతి అన్నం తెచ్చి తినిపించేది. మీకు ఫోను చేస్తే, "అన్నీ వేళకి అవే వస్తాయమ్మా" అని ఓదార్చారు. ఆ ఓదార్పుని తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తోంది.

మీకు తెలియనిది కూడా ఒకటి చెప్పాలి. మాతో చేరిన ఏడుగురికీ ఏ చోటు కావాలో ఎంచుకోమన్నారట. ముందు వచ్చినవాళ్ళందరూ రోడ్డు దగ్గరివి తీసుకున్నారు. నేను చివరి రోజు సాయంత్రం చేరేసరికి ఎవరికీ అక్కర్లేని సరీ థాచ్ ఒక్కటే మిగిలింది. వేళకి వచ్చి ఉంటే నేనూ కిందే ఏదో ఒకటి తీసుకునేదాన్ని. జుజురాణా గొంతు కూడా ఎరిగేదాన్ని కాదు. ఇది నా అదృష్టం. దీనికి మిమ్మల్ని మెచ్చుకుంటానని మాత్రం అనుకోకండి.

ఐదేళ్ళ కాగితం మీద పోయిన నెలాఖరునే సంతకం పెట్టేశాను. ఆ విషయంలో మీరు దిగులుపడనక్కర్లేదు.

ఇక మీరడిగిన క్యాంపుల సంగతి. ఈసారి సిఫారసు కాదు, ఉత్తర్వు. పేజీలు కొలవొద్దు, రాసింది రాసినట్టు చేయండి.

పెద్దమ్మకి నీలాగాడ్. నది వైపు గది తీసుకోండి. అక్కడి వంటమనిషితో ఠాకుర్‌దాస్ మాట్లాడాడు, పెద్దమ్మ గరిటె ముట్టుకోకూడదని నా షరతు. ముందు రెండు రోజులూ పక్క గదిలో మా మేడమ్ ఉంటుంది. మీటింగుకి ఎలాగూ కిందికి దిగుతోంది. ఆ తర్వాత నేను దిగి, పెద్దమ్మ పక్కనే పడుకుంటాను.

మీకు సరీ థాచ్. నడిచే రావాలి. ముందు డాక్టరుకి చూపించి, గుండె పరీక్ష కాగితం ఠాకుర్‌దాస్ చేతిలో పెట్టాలి. అది సరిగా లేకపోతే ఆయన మిమ్మల్ని ఒక్క అడుగు కూడా కదలనివ్వడు. ఉంటే సగం దారిలో గార్డు గుడిసెలో రాత్రి ఆగి, రెండో రోజు మెల్లగా ఎక్కండి. లిఫ్టు ఉన్నా సరే, ఉత్తరం చదవగానే మళ్ళీ మెట్లు మొదలుపెట్టండి.

మీరు పైకి వచ్చిన రోజు నేను మీతో మాట్లాడను. అన్నం పెడతాను, దుప్పట్లు ఇస్తాను, మాట్లాడను. మర్నాడు పొద్దున నాలుగున్నరకి లేపుతాను. మఫ్లరు చుట్టుకుని వచ్చి పొదల దగ్గర నా పక్కన కూర్చోవాలి. గంటసేపు ఇద్దరం నోరు విప్పకూడదు. పక్షులన్నీ అరిచి ఊరుకున్నాక, అడుగుతానన్నది అప్పుడు అడగండి. ఉత్తరంలో చదివాను గాని, మీ నోటితో వినాలి. ఎంతసేపు పట్టినా వింటాను పెద్దనాన్నా, నా ఉద్యోగమే అది.

మీ ప్రవల్లిక